ఫొటో వెనక రాత చదవగలిగేవాళ్లు



1930 నవంబరులో మన న్యూజెర్సీలోని ఈ ప్లెయిన్స్‌బరో ఊళ్లో, వాకర్-గోర్డన్ పాడి క్షేత్రంలో ఒక వింత యంత్రం తిరగడం మొదలైంది. గుండ్రటి పెద్ద అరుగు, దాని మీద ఒకేసారి 50 ఆవులు. అరుగు ఒక చుట్టు తిరిగొచ్చేసరికి అన్నింటి పాలూ పితకడం అయిపోయేది. దాని పేరు రోటోలాక్టర్. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బోర్డెన్ కంపెనీ ఇలాంటి యంత్రాన్నే జనానికి చూపించింది. చూడవచ్చినవాళ్లు బోర్డెన్ ప్రకటనల్లోని బొమ్మ ఆవు ఎల్సీ ఇందులో ఏదని పదే పదే అడగడంతో, కంపెనీ ఒక జెర్సీ ఆవును ఎంచి ఎల్సీని చేసింది. 1941లో ఆ ఆవు రోడ్డు ప్రమాదం పాలై చనిపోతే ప్లెయిన్స్‌బరోలోనే పాతిపెట్టి రాయి నిలబెట్టారు. 1971లో పాడి మూతపడింది. తర్వాత ఆ పొలాల్లో ఇళ్లు లేచాయి.

ఇదంతా ఇవాళ తెలుస్తోందంటే, కొందరు ఊరివాళ్లు పాత ఫొటోలు, పాల సీసాలు, కాగితాలు పారేయకుండా దాచబట్టే. ప్లెయిన్స్‌బరో రోడ్డు మీది వికాఫ్ హౌస్ మ్యూజియం అలాంటి చోటు. ఊరి చరిత్ర సంఘం నడిపే చిన్న మ్యూజియం అది. 1919లో టౌన్‌షిప్‌గా ఏర్పడిన ఈ ఊరి జనాభా 2020 లెక్కల్లో 24 వేలు దాటింది. అందులో చాలామంది ఆవులు పోయాక వచ్చినవాళ్లే. భారతదేశం నుంచి, అందులోనూ తెలుగు నేల నుంచి వచ్చిన కుటుంబాలు వీధి వీధినా ఉన్నాయి. వాళ్లు ఇక్కడ గడిపిన ఏళ్లు కూడా ఈ ఊరి చరిత్రే. అయితే ఆ చరిత్రకు ఆధారాలు ఇంకా అల్మారాల్లో, అటకల మీది సూట్‌కేసుల్లో ఉన్నాయి.

వాటిని బయటికి తేవడానికి మంచి దారి వేసినవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం బోస్టన్ శాఖ 2004 నుంచి ఊరూరా ‘మాస్ మెమొరీస్ రోడ్ షో’ నడుపుతోంది. ఎవరైనా ఇంట్లోంచి ఒక మూడు ఫొటోలు తెచ్చుకోవచ్చు. అక్కడే స్కాన్ చేస్తారు, ఆ ఫొటోల కథ చెప్పించుకుంటారు, అసలు ఫొటో తిరిగి చేతికిస్తారు. వస్తువు ఇల్లు వదిలి పోదు. 2008లో మొదలై, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉన్న సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్, అందరూ ‘సాదా’ అని పిలిచేది, ఇదే పద్ధతిని గట్టిగా పాటిస్తుంది. అసలు వస్తువు కుటుంబం దగ్గరే ఉంటుంది, నకలు మాత్రం ప్రపంచానికి అందుతుంది.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో బగాయ్ కుటుంబం కథ చెబుతుంది. 1915లో వైష్ణో దాస్ బగాయ్, కళా బగాయ్ దంపతులు ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాను వేసుకుని వెళ్తే, లోపలికి అడుగు పెట్టనివ్వకుండా ఇరుగుపొరుగు తాళాలు వేశారు. 1923లో సుప్రీంకోర్టు థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో బగాయ్‌కి అప్పటికే వచ్చిన పౌరసత్వం పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. కళా బగాయ్ బిడ్డల్ని పెంచి, తర్వాతి కాలంలో దక్షిణ కాలిఫోర్నియా భారతీయులకు పెద్దదిక్కయ్యారు. వాళ్ల ఫొటోలు, ఉత్తరాలు మనవరాలి ద్వారా సాదాకి చేరాయి. ఎక్కడివాళ్లయినా ఆ కుటుంబాన్ని చూడగలిగారు. 2020లో బర్కిలీ నగరం, ఒకప్పుడు గడప తొక్కనివ్వని ఆ నగరమే, నడిబొడ్డున ఉన్న ఒక వీధికి కళా బగాయ్ పేరు పెట్టాలని నిర్ణయించింది.

ఒక ఇంటి ఆల్బమ్‌కి అంత బలం స్కానర్ వల్ల వచ్చింది కాదు. బొమ్మలో ఎవరున్నారో, ఆ రోజు ఏం జరిగిందో చెప్పగల మనిషి మీద నమ్మకం కుదరడం వల్ల వచ్చింది. అంగుళానికి 600 చుక్కలతో ఎంత స్పష్టంగా స్కాన్ చేసినా, పేర్లు తెలియని ఫొటో మూగదే. మ్యూజియాలు ముందు పరికరాలు కొని, ఆ తర్వాత జనం కోసం వెతకడం తలకిందుల పని. ముందు ఇళ్లకు వెళ్లాలి, కాఫీ తాగాలి, వినాలి.

తెలుగు బడిలో ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న పిల్లల అవసరం పడేది ఇక్కడే. ఫొటో వెనక తాతయ్య తెలుగులో రాసిన నాలుగు ముక్కలు, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన ఏరోగ్రామ్‌లో చోటు చాలక అంచుల వెంట ఇరికించిన వాక్యాలు చదవగలిగేది వీళ్లే. అదే సమాచారాన్ని ఇంగ్లీషు కేటలాగులో సరిగ్గా నింపగలిగేదీ వీళ్లే. ఊరి చరిత్ర సంఘం ఎంత మనసు పెట్టినా ఈ పని సొంతంగా చెయ్యలేదు. అమ్మమ్మలకు ఎంత ఆశ ఉన్నా ఫారాలు నింపలేరు. ఈ పిల్లలు ఇద్దరికీ మధ్య కూర్చోగలరు.

ఇలాంటి పని తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1918లో వేటపాలెంలో ఊరి యువకులు పెట్టిన సారస్వత నికేతనంలోని పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ ఊరి దారి పడుతున్నారు. డిజిటల్ దారిలోనూ తెలుగువాళ్ల అడుగు ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు ముందు నిలిచారు. అందులో వేలాది తెలుగు పుస్తకాలూ స్కాన్ అయ్యాయి.

తొందరపడాల్సింది వీడియో క్యాసెట్ల విషయంలో. తొంభైల్లో వచ్చినవాళ్ల పెళ్లిళ్లు, తొలి ఉగాది వేడుకలు, పసిపిల్లల అన్నప్రాశనలు ఆ టేపుల మీదే ఉన్నాయి. టేపు మీది అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీని జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016లోనే ఆపేసింది. కాగితం ఇంకో పదేళ్లు ఓపిక పట్టగలదు, టేపు పట్టలేదు. కాబట్టి టేపులే ముందు.

ప్రతిదీ అందరికీ చూపించాలనీ లేదు. ఆస్ట్రేలియాలో వరుముంగు ఆదివాసులతో కలిసి తయారుచేసిన ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్‌లో, ఏ బొమ్మ ఎవరు చూడొచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. ఇంట్లో ఎవరైనా పోయినప్పటి ఫొటో, వీసా కష్టాల్లో రాసిన ఉత్తరం, విడిపోయిన దంపతుల పెళ్లి వీడియో లాంటివి అడగకుండా ఎక్కించడం తప్పు. ఫొటో ఇచ్చిన పెద్దావిడకు అనుమతి పత్రం తెలుగులో చదివి వినిపించాలి. ఆమె వద్దంటే ఆ ఫొటో అంతటితో పక్కన పెట్టాలి. రేపు మనసు మార్చుకుని తీసెయ్యమన్నా తీసెయ్యాలి.

మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక శనివారం మధ్యాహ్నం, లైబ్రరీలో ఒక గది, రెండు స్కానర్లు, మాట రికార్డు చెయ్యడానికి ఒక ఫోన్, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసిన అనుమతి పత్రాలు చాలు. చరిత్ర సంఘం వాళ్లను మొదటి రోజే పిలవాలి. వాకర్-గోర్డన్‌లో పనిచేసినవాళ్ల పిల్లలెవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే వాళ్లనూ పిలవాలి. పాడి నాటి ఫొటోలు, మొదటి ఏరోగ్రామ్‌లు ఒకే బల్ల మీద స్కాన్ కావాలి.