ఉద్యోగం, ఉయ్యాల, ఉపాసన



ఉదయంపూట ఏలూరు స్టేషనులో తాడేపల్లిగూడెం వైపు పోయే బండికోసం నిలిచి వున్న పంతులమ్మలను చూడండి. వంట ముగించి, పూజో ప్రార్థనో నెరవేర్చి, బిడ్డను అత్తగారికో అమ్మకో అప్పగించి వచ్చినవారు వారిలో పెక్కుమంది. భక్తి, ఉద్యోగం, మాతృత్వం - ఈ మూడింటినీ ఒక్క మనిషి ఎట్లా మోయగలదు?

ఈ ప్రశ్నతో తరతరాలుగా పెనుగులాడినవారు మార్మను మతస్థులైన స్త్రీలు. అమెరికాలో పుట్టిన ఈ క్రైస్తవశాఖ మనకు కేవలం పరాయిది కాదు. 1978 డిసెంబరులో ధర్మరాజు దంపతులు సమోవా దీవుల నుంచి హైదరాబాదు వచ్చి తమ బంధువర్గానికి ఈ మతాన్ని బోధించారు. నేడు హైదరాబాదులోను, రాజమహేంద్రవరంలోను ఆ సంఘానికి చెందిన తెలుగు కుటుంబాలున్నాయి.

1873లో ఆ సంఘాధిపతి బ్రిగమ్ యంగ్ స్త్రీలు వైద్యం నేర్వవలెనని ప్రోత్సహించాడు. ఎల్లిస్ షిప్ అనే యువతి 1875లో తన బిడ్డలను యూటాలో విడిచి ఫిలడెల్ఫియాకు వెళ్లి, చదువు నడుమనే మరొక బిడ్డను కని, 1878లో వైద్యురాలైంది. అటుపిమ్మట ఎందరికో మంత్రసానితనంలో శిక్షణ యిచ్చింది. ఇది ఎట్లా సాధ్యమైంది? ఆనాడు ఆ సంఘంలో బహుభార్యత్వం ఉండేది. ఇంటివద్ద ఆమె బిడ్డలను సాకినవారు ఆమె సవతులు! ఆ ఆచారాన్ని విడనాడుతున్నట్లు సంఘం 1890లో ప్రకటించింది.

తరువాత గాలి మారింది. 1987లో నాటి అధిపతి ఎజ్రా టాఫ్ట్ బెన్సన్ తల్లులు ఇల్లు విడిచి ఉద్యోగాలకు పోరాదని హితవు చెప్పాడు. సంపాదన తండ్రి బాధ్యత, పెంపకం ప్రధానంగా తల్లి బాధ్యత అన్నది 1995 నాటి కుటుంబ ప్రకటన. అయితే ఇరువురూ సమాన భాగస్వాములై ఒకరికొకరు తోడ్పడవలెనని కూడా అదే ప్రకటన చెప్పింది. లోకం మొదటిమాటను గుర్తుంచుకొని రెండవమాటను మరచింది. ఉద్యోగానికి పోతే అపరాధభావం, మానితే చదువు వృథా అయిందన్న దిగులు స్త్రీకి మిగిలాయి. 2022లో ఆ సంఘపు మహిళాసమాజానికి అధ్యక్షురాలైన కమిల్ జాన్సన్ మాత్రం ముగ్గురు కొడుకులను పెంచుతూ న్యాయవాదిగా పనిచేసిన మహిళ.

షిప్‌కు సవతులు, మన పంతులమ్మకు అత్తగారు! దేశం ఏదైనా, మతం ఏదైనా, బిడ్డను అందుకొన్న చేతులు ఆడవారివే. ఆ చేతులు దొరకని ఇల్లాలి గతి యేమిటి? ఈ ప్రసంగం వింటున్న గృహస్థులకు నా మనవి ఒక్కటే. ఆమె బండివేళకు పరుగెత్తకముందే బిడ్డను మీరు అందుకోండి. అదికూడా ఉపాసనే.