మీటల భయము వలదు

కంప్యూటరు నేడు అనేక గృహములలో ప్రవేశించినది. కరెంటు బిల్లు కట్టుటకును, దూరమున నున్న బిడ్డలకు ఉత్తరము వ్రాయుటకును అదియే సాధనమగుచున్నది. అయినను దాని ముందు కూర్చొన్నంతనే, ఏ మీట నొక్కిన ఏమగునో యను శంక పెద్దలలో పలువురిని విడువలేదు. ఆ శంకను కొంత తీర్చుటయే మా ప్రయత్నము.

మొదట మా అనుభవము. కొన్ని సంవత్సరముల క్రిందట మా అమ్మమ్మగారు తమ బాల్యమును గూర్చి చెప్పుచుండగా మేము కంప్యూటరుపై వ్రాసికొంటిమి. ఐదారు పుటలు నిండినవి. ఇంతలో మా వ్రేళ్లు పొరపాటున కంట్రోలు మీటపైనను, 'ఎ' మీటపైనను ఒకేసారి పడినవి. వ్రాసినదంతయు ఎంపికయైనది. అది గమనింపక మరియొక అక్షరమును కొట్టితిమి. పుటలన్నియు మాయమై ఆ అక్షర మొక్కటియే మిగిలినది! గాభరాపడి, భద్రపరుప నక్కరలేదని చెప్పి, మూసివేసితిమి. అంతకు ముందొక్కసారియైనను భద్రపరచి యుండలేదు. మరల నడిగినప్పుడు అమ్మమ్మగారికి సగము పేర్లు జ్ఞప్తికి రాలేదు.

ఆనాడు మేము చేయవలసినది ఒక్కటే: కంట్రోలు మీటను అదిమిపట్టి 'జెడ్' నొక్కుట. చివరగా చేసిన పని రద్దై, పోయిన పుటలు తిరిగి వచ్చియుండెడివి. మరల మరల నొక్కినచో ఒక్కొక్క అడుగు వెనుకకు పోవచ్చును. మితిమీరి వెనుకకు పోయినచో, కంట్రోలుతో 'వై' నొక్కి ముందునకు రావచ్చును. అయితే మూసివేసిన పిమ్మట ఈ ఉపాయము సాధారణముగా పనిచేయదు. కావున కంట్రోలుతో 'ఎస్' నొక్కి వ్రాతను భద్రపరచుకొనవలెను. మొదటిసారి మాత్రము ఏ పేరుతో దాచవలెనని అడుగును. వంట ముగియగనే పొయ్యి ఆర్పునట్లు, పేరా ముగియగనే 'ఎస్' నొక్కుట అలవాటు కావలెను.

'జెడ్' ప్రక్కనే వరుసగా 'ఎక్స్', 'సి', 'వి' మీటలు కలవు. కంట్రోలుతో కలిపి నొక్కినచో, ఎంపిక చేసిన భాగమును 'ఎక్స్' కత్తిరించును, 'సి' నకలు తీయును. దానిని 'వి' కోరినచోట అతికించును. కాగితమును కత్తెరతో కత్తిరించి జిగురుతో అతికించు పాత పద్ధతియే ఇది. 1970 దశకములో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు దానిని తెరమీదికి తెచ్చిరి.

విండోస్ కంప్యూటరులో తెలుగును, ఇంగ్లీషును ముందుగా అమర్చుకొన్నచో, విండోస్ గుర్తుగల మీటతో క్రిందనున్న పొడుగుమీటను నొక్కి భాష మార్చుకొనవచ్చును. లేచి వెళ్లునపుడు అదే గుర్తు మీటతో 'ఎల్' నొక్కినచో తెరకు తాళము పడును.

ఇవన్నియు ఒక్కనాడే కంఠస్థము చేయ నక్కరలేదు. నేటికి 'జెడ్', 'ఎస్' చాలును. ఇంటిలోని పెద్దలచేత ఖాళీ పుటపై నాలుగు మాటలు వ్రాయించి, చెరిపించి, తిరిగి తెప్పింపుడు. పోయినది తిరిగి వచ్చుట కన్నులార చూచినవారికి మీటల భయముండదు. పిదప వారి జ్ఞాపకములను వారిచేతనే వ్రాయింపుడు. పుట పుటకును భద్రపరచుట మాత్రము మరువకుడు.