చెప్పినవాడు – చెప్పినమాట



కురుక్షేత్రమున ద్రోణాచార్యునిచే విల్లు విడిపించినది బాణము కాదు, ఒక వార్త. అశ్వత్థామ చచ్చెనని భీముడు చెప్పగా ఆచార్యుడు నమ్మలేదు. అసత్యమెరుగని ధర్మరాజు నడిగెను. ధర్మరాజు ఏనుగన్న మాటను మెల్లగా పలికెను. ద్రోణుడు చెప్పినవానిని జూచి నమ్మెనే కాని, చెప్పిన సంగతిని విచారింపలేదు. తిక్కన తెనిగించిన ద్రోణపర్వములోని యీ ఘట్టము నేటి సెల్‌ఫోనులకు చక్కగా వర్తించును.

వాట్సాప్‌లో వార్త పంపువాడు తరచుగా పరాయివాడు కాడు; మేనమామయో, బావమరిదియో, చదువుకొన్న స్నేహితుడో అయి యుండును. మనిషి మంచివాడు గనుక మాటయు నిజమనుకొందుము. దానిని మొదట పుట్టించినదెవరో ఆయనకును తెలియదు.

2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఇట్లే వదంతి వ్యాపించెను. తెలంగాణలో కొన్నిచోట్ల అమాయకులు మూకల దెబ్బలకు ప్రాణములు గోల్పోయిరి. కొట్టినవారు తమ బిడ్డలను రక్షించుకొనుచున్నామనియే తలచిరి. జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు మాత్రము కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, డప్పులతోను జానపద గీతములతోను నిజము చాటించిరి. అచట ప్రాణనష్టము జరుగలేదు. ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదింటికి మించి పంపరాకుండ కట్టడి చేసెను.

తోట్లవల్లూరు కృష్ణ యొడ్డున నున్న ఊరు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటెను. అట్టి రాత్రి కరకట్ట తెగినదను అబద్ధమొక్కటి చాలును, ముసలివారును బాలింతలును చీకటిలో పరుగిడుటకు. అంతకంటె పెద్ద ముప్పు మరియొకటి కలదు: రెండుమార్లు మోసపోయినవారు మూడవమారు నిజమైన హెచ్చరిక వచ్చినను కదలరు.

పుస్తకమునకు ముఖపత్రమున్నది. వ్రాసినవారు, అచ్చొత్తినవారు, సంవత్సరము అందు గానవచ్చును. పూర్వము కరణముల లెక్కలలో రసీదు లేని పద్దు చెల్లెడిది కాదు. ఫోనులోని వార్తనుగూడ మూడు ప్రశ్న లడుగవలెను: మొదట చెప్పినదెవరు? ఎన్నడు, ఎచ్చట జరిగినది? బాధ్యతగల అధికారి ధ్రువపరచెనా? జవాబు లేనిచో ఆ వార్త మన ఫోనులోనే ఆగిపోవలెను. పంపిన ప్రతివాడును దానికి పూచీదారుడే.

పోలీసులమని, బ్యాంకువారమని బెదిరించువారి విషయమును ఇట్టిదే. వారికి ఓటీపీ చెప్పరాదు. ‘డిజిటల్ అరెస్టు’ అనునది చట్టములో లేనేలేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, తెల్లవారనీయక, 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు జారిపోవును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చదువు రుచి చూపినది. ఇకమీదట సందేహము గలిగిన వార్తను ఇచటికి తెచ్చి, దినపత్రికలతో సరిచూచుకొను అలవాటు కావలెను. ఫోను తెలిసిన పిల్లలు పెద్దలకును, లోకము తెలిసిన పెద్దలు పిల్లలకును తోడుపడుదురుగాక!