సైనికుని పేరు, సేవాపత్రము
(మన సంఘపు వార్షికోత్సవ సందర్భమున రాయపూరునందు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభయందు సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో ముచ్చటింపక, సైనికుల సేవాపత్రములను గూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందరికి వింతగా దోపవచ్చును. దినమంతయు దస్త్రములతో కుస్తీ పట్టి వచ్చిన మనకు సాయంకాలము కూడ కాగితముల గొడవయేనా యని మీరనుకొన్నను తప్పులేదు. కాని మనలో పలువురి యిండ్లలో, యౌవనమున సైన్యమందు పనిచేసి, పిమ్మట రైల్వేలోనో తపాలా శాఖలోనో చేరి, ఈ రాయపూరులో స్థిరపడిన పెద్దలు కలరు. అట్టి పెద్దల కాగితములలో దొరలిన తప్పులు వారి జీవితకాలమున బయటపడవు. వారు పోయిన తరువాత, వారి భార్యల యెదుట బయటపడును. ఆ బాధను నేను స్వయముగా చూచితిని గనుక ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

సైన్యమునకును తెలుగువారికిని గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. ఉత్తర హిందూస్థానమున ఒక కాలమందు కుంపిణీ సిపాయిని 'తిలంగా' యని పిలిచెడివారు. దక్షిణమున కుంపిణీవారు మొదట సమకూర్చుకొన్న సిపాయిలలో తెలుగువారుండుటచే మన జాతి పేరే సిపాయికి మారుపేరైనది. తరువాత అవధు సీమవాడైనను, భోజపురి వాడైనను ఎఱ్ఱకోటు తొడిగినవాడు 'తిలంగా'యే! జాతి పేరు నిలిచినది గాని, ఆ పేరును మోసిన మనుష్యుల పేర్లు మాత్రము నిలువలేదు.

పేర్లు నిలుచుటెట్లో, కాగితము చెప్పిన మాటను కాలమెట్లు సవరించునో తెలిసికొనుటకు మన రాయపూరు కంటె మంచి పాఠశాల లేదు. సోనాఖాన్ జమీందారు నారాయణసింహుని 1857 డిసెంబరు 10వ తేదీన ఈ ఊరనే ఉరితీసిరి. తరువాతి నెలలో, అనగా 1858 జనవరి 18న, ఇచ్చటి దళమునందలి మేగజీను లష్కరు హనుమాన్ సింహుడు సార్జంటు మేజరు సిడ్వెల్‌ను వధించి తిరుగుబాటు చేసెను. హనుమాన్ సింహుడు చిక్కలేదు. ఆయనతో నిలిచిన 17 మందిని జనవరి 22న ఉరితీసిరి. నాటి దస్త్రములలో వారు రాజద్రోహులు. నేడు వారు అమరవీరులు. నారాయణసింహుని పేర నవ రాయపూరులో క్రికెట్టు క్రీడారంగమే వెలసినది. అయితే ఆ పదునేడుగురి పేర్లు నాటి దస్త్రములలో వ్రాయబడి యుండుటచేతనే గదా, నేడు మనము వారిని పేరు పేరునా తలచుకొనగలుగుచున్నాము! పేరు వ్రాసియున్నచో దానిపై పడిన ముద్రను కాలము మార్చగలదు. పేరే తప్పినచో కాలము కూడ ఏమియు చేయజాలదు.

ఇక నా యనుభవమును మనవి చేసెదను. మా మేనమామ ఉత్తరాంధ్రలోని పల్లెటూరివాడు. 1962 చైనా యుద్ధమైన మరుసటి యేడు సైన్యమున చేరి, పదునైదు సంవత్సరములు పనిచేసి, పింఛనుతో బయటికి వచ్చెను. పిమ్మట మాజీ సైనికుల కోటాలో రైల్వే ఉద్యోగము లభించి రాయపూరు చేరి, ఇచ్చటనే పదవీ విరమణ చేసి, ఇచ్చటనే కన్నుమూసెను. ఆయన యుద్ధపు ముచ్చటలు చెప్పు మనిషి కాడు. మేము చిన్నపిల్లలమై యడిగినను, "ఏముందిరా, మట్టి తవ్వాం, వంతెనలు కట్టాం" అని నవ్వి యూరకుండెడివాడు.

మాజీ సైనికుడు మరల ప్రభుత్వోద్యోగము చేసి మరణించినచో, అతని భార్య సైనిక కుటుంబ పింఛనునో, రెండవ ఉద్యోగపు కుటుంబ పింఛనునో ఏదో యొకటి మాత్రమే కోరుకొనవలయునని పూర్వము నియమముండెను. ఆ నియమమును సవరించి, 2012 సెప్టెంబరు 24 నుండి రెండును పొందు వీలు కల్పించిరి. ఆ సంగతి తెలిసి మా అత్తయ్య చేత దరఖాస్తు పెట్టించితిని. కొన్ని నెలలకు జవాబు వచ్చెను. సైనిక దస్త్రములలోని భార్య పేరును, దరఖాస్తులోని పేరును వేరు వేరుగా నున్నవట! వివాహమైన కొత్తలో పై యధికారి అడుగగా, మామయ్య ఇంటిలో పిలుచుకొను 'చిన్నమ్మి' యను ముద్దుపేరునే చెప్పెను. గుమాస్తా దానినే వ్రాసెను. మామయ్య పేరు గతియు అంతే. ఇంటిపేరు ఊడిపోయినది. రెండు మాటల పేరులో మొదటి మాట తండ్రి పేరుగను, రెండవది తన పేరుగను మారినవి. రైల్వే కాగితములలో మాత్రము అన్నియు సరిగా నున్నవి. రెండు దస్త్రములను ప్రక్క ప్రక్కన పెట్టినచో ఇద్దరు వేరు వేరు మనుష్యులు, వారికి ఇద్దరు భార్యలు!

అత్తయ్య ఆ ఉత్తరమును నాచేత చదివించుకొని, "బాబూ, నలభై యేళ్ళు కాపురం చేశాను. నేనెవరో ఇప్పుడు నేనే రుజువు చెయ్యాలా?" అనెను. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను.

పెట్టెలోని కాగితములన్నియు బయటికి తీసితిమి. డిశ్చార్జి పుస్తకము దొరికెను. అందు 1971 యుద్ధకాలపు సంగ్రామ పతకము మాత్రమే వ్రాయబడియుండెను. కాని ఆ యేటి డిసెంబరులో ఆయన ఇంటికి వ్రాసిన యొక కార్డు మీద '99 ఏ.పి.ఓ.' యని చిరునామా కలదు. సైనిక తపాలా యందు పడమటి రంగమునకు 56, తూర్పు రంగమునకు 99 గుర్తు. తూర్పు రంగమున యుద్ధము చేసిన వారికి పూర్వీ స్టార్, పడమట చేసిన వారికి పశ్చిమీ స్టార్ అను పతకములు ఈయబడినవి. మరి మామయ్యకు పూర్వీ స్టార్ ఏది? కార్డు ఒక్కటియే రుజువు కాదు. కాని వెదకవలసిన దిక్కును అది చూపెను.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా రికార్డు ఆఫీసుకు వ్రాసితిమి. ప్రమాణపత్రములు, వివాహపు ఛాయాచిత్రము, గ్రామాధికారి ధ్రువీకరణము జతచేసితిమి. ఒకసారి కాగితములు తిరిగి వచ్చినవి. మరియొకసారి జవాబే రాలేదు. సమాచార హక్కు చట్టము క్రింద అడిగితిమి. తుదకు పతకముల పట్టికలో ఆయన సైనిక సంఖ్యకెదురుగా పూర్వీ స్టార్ ఉన్నట్లు తేలెను. సంఖ్య ఆయనదే. పేరు మాత్రము ఎవరికిని చెందని పేరు! నలువది సంవత్సరములు ఆ పతకము లేని మనిషి కొఱకు ఎదురుచూచుచుండెనన్నమాట. పదునాలుగు నెలలకు పింఛను ఉత్తరువు సవరణయై వచ్చెను. మరి కొంతకాలమునకు పతకము వచ్చెను. మన దేశపు పతకముల అంచు మీద గ్రహీత సంఖ్యయు పేరును చెక్కబడును. అత్తయ్యకు ఆ అక్షరములు రావు. వ్రేలితో తడుముచు నన్ను చదువుమనెను. ఇంటిపేరుతో సహా చదివితిని. "ఇప్పుడు సరిగ్గా పిలిచారు" అని మాత్రము అనెను.

సోదరులారా, ఇందు ఎవరి దుర్బుద్ధియు లేదు. మన పేర్లకు ఇంటిపేరు ముందు, స్వంత పేరు వెనుక. సైన్యపు పత్రములలో ఆ క్రమమెరుగని గుమాస్తా ఏది తోచిన దానిని పేరుగా వ్రాయును. సైనికుడు యూనిట్టులో నుండగా వివాహము, సంతానము, గాయము, శిక్షణము మొదలగు ప్రతి సంగతియు 'పార్టు టూ ఆర్డరు' అను ఉత్తరువుగా ప్రకటింపబడి రికార్డు ఆఫీసునకు చేరును. అచ్చట చేరినదే సత్యము, చేరనిది జరుగలేదన్న మాటయే.

సేవా పతకమునకును, శౌర్య పతకమునకును గల భేదమును కూడ గుర్తింపవలెను. సేవా పతకము అర్హతను బట్టి వచ్చును. ఆ రంగమున, ఆ కాలమున ఉన్నట్లు దస్త్రము చెప్పినచో అది హక్కు. శౌర్య పతకము అట్టిది కాదు. పరమవీర, మహావీర, వీర చక్రములు 1950 జనవరి 26న, 1947 ఆగస్టు 15 నుండి వర్తించునట్లు స్థాపింపబడినవి. వాటికి పై యధికారి సిఫారసు కావలెను. చూచిన కన్నులు కావలెను. కాని చూచినవారు శత్రుపక్షము వారే యైనచో?

కొడగు సీమకు చెందిన స్క్వాడ్రన్ లీడరు అజ్జమాడ బొప్పయ్య దేవయ్య కథ అట్టిది. 1965 సెప్టెంబరు 7న మన మిస్టీరు విమానములు ఆదంపూరు నుండి పోయి పాకిస్తానులోని సర్గోధా స్థావరము మీద దాడి చేసినవి. దేవయ్య తిరిగి రాలేదు. 'జాడ తెలియలేదు' అని మన దస్త్రము. 1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్ల రచయిత పాకిస్తాను వైపు సమాచారముతో ప్రచురించిన గ్రంథము వలన అసలు సంగతి తెలిసెను. తనకంటె ఎంతో వేగము గల స్టార్ ఫైటరు విమానమును ఎదిరించి, తన విమానము దెబ్బతిన్నను విడువక పోరి దానిని కూల్చినవాడు దేవయ్యయేనని నిశ్చయమైనది. ఆయన దళనాయకుడుగా నుండిన తనేజా ఆ విషయమును పట్టుదలతో పై వారి దృష్టికి తెచ్చెను. 1988లో, అనగా 23 సంవత్సరములకు, దేవయ్యకు మరణానంతరము మహావీర చక్రము ప్రకటింపబడెను. శత్రువు చెప్పిన సాక్ష్యముతో మన దస్త్రము సవరింపబడుట ఎంత విచిత్రము! మన సూర్యాపేట వాడైన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో నేలకొరిగెను. కన్నులార చూచిన సహచరులుండుటచే మరుసటి జనవరి నాటికే ఆయనకు మహావీర చక్రము ప్రకటింపబడెను. ఇరువురి శౌర్యములో భేదము లేదు. సాక్ష్యము చేరిన కాలములోనే భేదము.

ఇది మన దేశమునకే పరిమితమైన సంగతి కాదు. బస్రా నగరపు స్మారకమున మొదటి ప్రపంచ యుద్ధమున మరణించిన భారతీయ సామాన్య సైనికులను పేర్లతో గాక దళముల వారీగా సంఖ్యలతో చూపిరి. ఇట్టి అసమానతలను కామన్వెల్తు యుద్ధ సమాధుల సంస్థ తన 2021 నివేదికలో ఒప్పుకొన్నది. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన వారు 1,16,000 మందికి తక్కువ కాకుండ, బహుశః 3,50,000 మంది వరకు పేరుతో గాని, అసలే గాని స్మరింపబడలేదని అందు తేల్చిరి. అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధ వీరుల దస్త్రములను తిరిగి పరిశీలించి, 2000 జూన్‌లో 22 మంది ఆసియా సంతతి సైనికులకు అత్యున్నత శౌర్య పతకమిచ్చిరి. వారిలో ఎక్కువమంది అప్పటికే గతించిరి.

మన దేశమున ఇట్టి వివాదములకై 2007 చట్టము ననుసరించి సాయుధ దళముల ట్రిబ్యునలు ఏర్పడి 2009 నుండి పనిచేయుచున్నది. కార్గిల్ యుద్ధమున బతాలిక్ రంగపు బ్రిగేడియరు దేవీందర్ సింగ్ పాత్రను నివేదికలో తక్కువచేసి చూపిరని 2010లో ఆ ట్రిబ్యునలే తీర్పు చెప్పెను. సేనానికే అట్టి యవస్థ యైనచో సామాన్య సిపాయి మాట చెప్పనేల? మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లకు జబల్పూరునందు పీఠము కలదు. తుది యుత్తరువు వచ్చిన ఆరు నెలలలోగా దరఖాస్తు చేయుట నియమము. అంతదూరము పోవలసిన యవసరమే రాకుండ చూచుకొనుట మేలు.

కావున నా విన్నపములివి. మీ యింట మాజీ సైనికుడున్నచో ఆయన జీవించియుండగనే డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును, ఆధారు కార్డును ప్రక్క ప్రక్కన పెట్టి పేర్లు, తేదీలు సరిచూడుడు. భార్య పేరు ఉత్తరువులో సరిగా నున్నదా యని ముఖ్యముగా చూడుడు. సైనిక సంఖ్యను ఇంటిలో అందరును వ్రాసియుంచుకొనుడు. పేరు తప్పినను సంఖ్య దారి చూపును. పాత ఉత్తరములను చెత్తయని పారవేయకుడు. పింఛను లేని సైనికుని పత్రములను 25 సంవత్సరముల తరువాత నాశనము చేయు నియమము కలదు గనుక ఆలస్యము పనికిరాదు. పుట్టిన తేదీ విషయమున మాత్రము ఆశలు పెట్టుకొనకుడు. మన సివిలు ఉద్యోగములలో చేరిన అయిదేండ్లలోపల అడుగవలెనను నియమము మీకు తెలిసినదే. సైన్యమునను చేరిననాడు వ్రాసినదే సాధారణముగా చెల్లును.

ఇంకొక మాట. మనమందరమును ఏదో యొక కార్యాలయమున కూర్చుండి, ఇతరుల పేర్లు వ్రాయు వారమే. మన బల్ల మీదికి వచ్చిన ప్రతి పేరు వెనుక ఒక మనిషియు, ఆ మనిషి వెనుక ఒక కుటుంబమును ఉన్నవి. ఒక్క అక్షరము తప్పు వ్రాయుటకు మనకు పట్టునది క్షణకాలము. దానిని దిద్దుకొనుటకు మా అత్తయ్యకు పదునాలుగు నెలలు పట్టెను. కలము కాగితము మీద పెట్టునపుడు ఆ సంగతి మనసున నుంచుకొన్నచో, యుద్ధమునకు పోకపోయినను సైనికులకు మనము చేయవలసిన సేవ చేసినట్లే యగును.

మన సంఘమున ఇట్టి కాగితములు చూచిపెట్టుటకు నలుగురు ఓపిక గలవారు ముందుకు వచ్చినచో, ప్రతి ఆదివారము ఉదయము ఒక గంట వారితో కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను.