నేను ముగించిన మూడు ఆటలు

(సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వారము మాటలాడు వంతు నాకు వచ్చినపుడు, విషయమేమని కార్యదర్శిగారు అడిగిరి. వీడియో ఆటలని చెప్పితిని. ఆయన కొంతసేపు నా ముఖమువంక చూచి, “పిల్లలచేత ఆ వ్యసనము మాన్పించు విధమా?” అని ప్రశ్నించిరి. కాదు, నేను స్వయముగా ఆడి కడవరకు ముగించిన ఆటలను గూర్చి చెప్పెదనంటిని. 46 ఏండ్ల వయస్సున, పగలెల్ల మేకులు, గొళ్ళెములు, నీటిగొట్టములు అమ్ముకొనువానికి ఈ పని యేల యని కొందరు నవ్వుదురు. నవ్వవచ్చును. రాత్రి అంగడి మూసి లెక్క సరిచూచుకొన్న పిమ్మట కొందరు పేకాడుదురు, కొందరు టెలివిజనులో ధారావాహికలు చూతురు. నేను ఈ ఆటలాడితిని. పేకలో పోవు ధనముకంటె దీనిలో పోవునది తక్కువ.

ఆటలన్నియు ఒక్కటి కావు. తుపాకులతో కాల్చుకొను ఆటలున్నవి, బండ్లు తోలు ఆటలున్నవి. వానియందు నాకు రుచి లేదు. నేను చెప్పబోవు మూడును భాషతో ముడిపడిన ఆటలు. భాషను నేర్పుటకై తయారుచేసిన ఆటలు కావు సుమా! వ్యాకరణమునకు చక్కెర పూసి మ్రింగింపజూచు ఆటలను మన పిల్లలు రెండవ దినముననే పారవైచుట నేను చూచియున్నాను. వీనిలో భాష ఒక పని చేయును. తలుపు తెరచును, అన్నము వండును, కథ నడుపును. భాషకు పని కల్పించుటయే నన్ను వీనివైపు లాగినది.

మొదటిదాని పేరు చాంట్స్ ఆఫ్ సెన్నార్. ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరమందలి రన్‌డిస్క్ అను చిన్న సంస్థ దీనిని నిర్మించినది. 2023 సెప్టెంబరులో వెలువడినది. బైబిలులోని బాబెలు గోపుర వృత్తాంతము దీనికి మూలము. ఒక మహా గోపురము. దానిలో అంతస్తునకొక జాతి చొప్పున అయిదు జాతులు నివసించును. భక్తులు, యోధులు, గాయకులు, రసవాదులు, అందరికంటె పైన ఏకాంతవాసులు. ఒకరి భాష మరియొకరికి తెలియదు. ప్రతి భాషకును వేరు లిపి. ముసుగు వేసికొన్న ఒక బాటసారి గోపురపు అడుగున మేల్కాంచి పైకెక్కవలెను. ఆ బాటసారియే మనము.

ఆదియందు మనకు ఒక్క ముక్కయు తెలియదు. ఒక తలుపు, ఒక మీట, ప్రక్కన పలకమీద కొన్ని గుర్తులు కనబడును. మీట త్రిప్పగా తలుపు తెరచుకొనును, మరల త్రిప్పగా మూసికొనును. ఇందులో ఒక గుర్తు తలుపనియు, ఒకటి తెరచుటయనియు, ఒకటి మూయుటయనియు మనము ఊహింపవలెను. ఊహను గుర్తు క్రింద వ్రాసికొనుటకు ఒక పుస్తకము మన చేతిలోనుండును. కొంతదూరము పోయిన పిమ్మట ఆ పుస్తకములో బొమ్మలు వెలయును. ఏ బొమ్మకు ఏ గుర్తు చెందునో పుటయంతయు సరిగా అమర్చిననే అర్థములు స్థిరపడును. ఒక్కటి తప్పినను స్థిరపడవు.

ఈ పద్ధతి నాకు క్రొత్తగా తోచలేదు. మన హోసూరులో కర్మాగారములు వచ్చిన పిమ్మట అంగడికి నానా దేశములవారు వచ్చుచున్నారు. బీహారునుండి వచ్చిన పనివాడు మేకును చూపి తన మాట చెప్పును, నేను నా మాట చెప్పుదును. మూడవమారు వచ్చునప్పటికి ఇద్దరికిని మేకు, సుత్తి, ధర, అప్పు అను మాటలు తెలిసియుండును. వర్తకులందరును ఇట్లే భాషలు నేర్చినారు. ఆటను కట్టినవారికి ఈ రహస్యము తెలిసినది.

వ్యాకరణమునందును వారు శ్రద్ధ చూపిరి. భక్తుల భాషలో బహువచనమునకు గుర్తును రెండుమార్లు వ్రాయుదురు. మనము ఊరూరు, ఇల్లిల్లు అనుట వినినవారికి ఇది వెంటనే తట్టును. గాయకుల భాషలో కర్మ ముందు వచ్చి, పిదప కర్త, పిదప క్రియ వచ్చును. దీనితో నేను రెండు రాత్రులు పెనగులాడితిని. ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవానికంటె మనకు ఇట్టి తికమక తక్కువయనియే నా అభిప్రాయము. కర్త, కర్మ, క్రియ అను మన వరుస యొకటి, బడిలో నేర్చిన ఇంగ్లీషు వరుస యొకటి, రెండును మనకు అలవాటే కదా.

ఇక అసలు సంగతి. రెండవ అంతస్తునకు చేరి యోధుల భాష నేర్చుకొనుచుండగా, క్రింది అంతస్తువారిని తెలుపు గుర్తు ఒకటి మాటిమాటికి కనబడును. ఆ జాతి పేరే కాబోలునని అనుకొంటిని. తీరా చూడగా దాని అర్థము ‘అపవిత్రులు’ అని తేలినది. నేను ఎవరి నడుమనుండి వచ్చితినో, ఎవరి దేవాలయములో తిరిగి వారి మాటలు నేర్చితినో, వారికి పై అంతస్తున ఉన్న పేరు అది! చేతిలోని మీటలపెట్టె క్రింద పెట్టి కొంతసేపు ఊరకుంటిని. ఒక భాషను నేర్చుకొనువానికి ఆ భాషవారు ఇరుగుపొరుగును ఏమని పిలుతురో కూడ తెలిసిపోవును. తమిళ, కన్నడ, తెలుగు మాటలు మూడును వచ్చిన హోసూరువారికి నేను దీనిని వివరింపనక్కరలేదు. మన మాటల మూటలోను అట్టివి కొన్ని కలవు.

యోధుల కోటలో కాపలావారి కంటబడకుండ దాగుచు పోవలసిన భాగములు మాత్రము నాకు నచ్చలేదు. అవి లేకున్నను ఆటకు లోటు లేదు. కాని తుది భాగము మిక్కిలి బాగున్నది. అంతస్తులనడుమ మాటలాడు యంత్రములను పునరుద్ధరించి, ఒకరి మాటను మరియొకరి లిపిలోనికి మనము మార్చి అందింపవలెను. దుబాసీ పని! అది చేసిననే ఆట నిజమైన ముగింపునకు వచ్చును. అందరికంటె పైనున్న ఏకాంతవాసులో, యంత్రములకు తగులుకొని, ఎవరి కలలో వారు మునిగి, ప్రక్కవానితో పలుకక కూర్చుందురు. దానిని చూచి మా యింటిలో రాత్రి తొమ్మిది గంటల వేళ నాకు జ్ఞప్తికి వచ్చినది.

రెండవ ఆట పేరు వెణ్బా. తమిళమున అది ఒక ఛందస్సు పేరు. ఇందులో కథానాయిక పేరును అదియే. కెనడాలోని టొరాంటో నగరమందు విసై గేమ్స్ అను సంస్థవారు నిర్మించి 2023 జూలైలో విడుదల చేసిరి. 1980ల చివర తమిళనాడునుండి కెనడాకు వలసపోయిన దంపతులు వెణ్బా, పావలన్, వారికి అచ్చట పుట్టిన కవిన్ అను కుమారుడు, వీరి కథ ఇది. వెణ్బా తల్లి వ్రాసి యిచ్చిన వంటల పుస్తకము చినిగి, మరకలుపడి, సగము అక్షరములు చెరిగిపోయినది. చెరిగినచోట ఏమున్నదో గ్రహించి మనము వండవలెను. మొదటి వంట ఇడ్లీ. పిండి పోసిన పళ్ళెములను ఏ విధముగా పేర్చిన ఆవిరి అన్నింటికిని అందునో కనుగొనుటయే అందలి చిక్కు. మా యింటి ఇల్లాలు వెనుకనుండి చూచి, “ఇదియు ఒక చిక్కా?” అని ఒక్క నిమిషములో చెప్పివేసినది. వంట చేయుచుండగా పాతకాలపు తమిళ సినిమా పాటల బాణీలో క్రొత్త పాటలు రేడియోలో వినవచ్చును. తప్పు చేసినను దండన లేదు, మరల వండవచ్చును.

ఇచ్చట మనవారు గమనింపదగిన విషయ మొకటి కలదు. మన వీధిలో తమిళము రాజ్యమేలు భాష. బడిలో, కచేరీలో, బస్సు పలకమీద అదియే. ఆ తమిళము కెనడాలో ఒక యింటి వంటగదిలో ఒదిగి కూర్చున్నది. పిల్లవాడు తల్లి తమిళమున అడుగగా ఇంగ్లీషున బదులు చెప్పును. తోటి పిల్లలవలె ఉండవలెనని కోరును. తల్లి కుమారునికై ఎదురుచూచును. ఇవి అన్నియు మన యిండ్ల ముచ్చట్లే, భాష పేరు మాత్రమే మారినది. నా ప్రక్క అంగడి తమిళ మిత్రునకు ఈ ఆట చూపితిని. ఆయన ముగియువరకు కదలలేదు. ముగిసిన పిమ్మట, “మీవారికి ఇచ్చట ఇట్లే ఉండునా?” అని అడిగెను. పాతికేండ్ల స్నేహములో ఆయన ఈ ప్రశ్న అడుగుట అదియే మొదలు.

ఆట రెండు గంటలలోపున ముగియును. వెల చెల్లించిన వర్తకునిగా మరి నాలుగు వంటలుండిన బాగుండునని తోచినది. ఈ కొరత చెప్పితీరవలెను. కాని పెద్దవాడైన కవిన్ తానే వంటకు పూనుకొను ఘట్టమునకు సాటి నేను మరియొక ఆటలో చూడలేదు. అంతవరకు తల్లి చేతులతో సులభముగా చదివిన పుస్తకమును ఇపుడు కొడుకు కన్నులతో చదువవలెను. తమిళ లిపి అతనికి సగము తెలియును, సగము తెలియదు. తెలియని మాటలను ఊహతో పూరింపవలెను. అదే పుట, అవే అక్షరములు! చదువువాడు మారుటతో మసకబారినవి.

ఆ ఘట్టము జరుగునపుడు 15 ఏండ్ల మా అబ్బాయి ప్రక్కనుండెను. వాడు తెలుగు మాటలాడును, చదువలేడు. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నాడు. ఆ రాత్రి ఏమియు అనలేదు. మరునాడు మా తాతగారి చిట్టా, ఆవర్జా పుస్తకములు అటకమీదనుండి తానే దింపెను. వానిలో అంకెలుకూడ తెలుగు అంకెలే. నేను చదివి చెప్పెదనంటిని, వలదనెను. సెన్నార్ ఆటలోని పద్ధతి పట్టుకొని, కూడికల మొత్తములనుబట్టి ఏది ఏ అంకెయో ఊహించుచు, ఒక కాగితముమీద గుర్తులు వ్రాసికొనుచు కూర్చుండెను. రాత్రి భోజనమునకు ముందే పది అంకెలును తేల్చెను. పిమ్మట జమ, ఖర్చు, బాకీ అను మాటలు ఏ వరుసలోనుండునో చూచి పట్టెను. ఒక పుటలో మొత్తము తప్పని వాదించెను. సరిచూడగా వాడు చెప్పినదే నిజము. మా తాతగారు ఆరణాల లెక్క తప్పిరి.

మూడవ ఆటను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. పేరు నెవర్ అలోన్. 2014 నవంబరులో వెలువడినది. అలాస్కాలోని ఇనుపియాట్ జాతివారి కథ ఇది. నూనా అను బాలిక, ఒక తెల్లని నక్క కలిసి ఆగని మంచుతుపానునకు కారణము వెదకుచు పోవుదురు. ఇద్దరు కలిసి ఆడవచ్చును. ఒంటరిగా ఆడిన నక్క పలుమారులు విసిగించును. ఆటగా మునుపటి రెండింటికంటె ఇది తక్కువదే. కాని కథ చెప్పు కంఠము ఆద్యంతము ఇనుపియాక్ భాషలోనే వినబడును, ఇంగ్లీషు తెర అడుగున అక్షరములలో మాత్రమే నడచును. నడుమనడుమ ఆ జాతి పెద్దలు తమ జీవనమును గూర్చి చెప్పు చిన్న చిత్రములు తెరచుకొనును.

దీనిని నిర్మింపజేసినవారెవరో వినుడు. ఆంకరేజ్ నగరమందలి కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ అను ఆదివాసుల సేవాసంస్థ. వారు తామే అప్పర్ వన్ గేమ్స్ అను సంస్థను స్థాపించి, ఆటలు తయారుచేయుటలో అనుభవముగల ఈ-లైన్ మీడియాతో చేయి కలిపిరి. తొలి కృతులకు బ్రిటిష్ అకాడమీ ఇచ్చు బహుమానము 2015లో ఈ ఆటకు వచ్చినది. అదే బహుమానము 2024లో వెణ్బాకు వచ్చినది. ఇంటి భాషను దాచుకొనక తెరమీద పెట్టిన రెండు ఆటలు గెలిచినవన్నమాట. సరకులో దమ్మున్నపుడు ఊరిపేరు అడ్డము రాదని వర్తకునిగా నేనెరుగుదును.

మనకు అట్టి ఆట ఎందుకుండరాదు? హైదరాబాదున ఆటలు తయారుచేయు సంస్థలున్నవి. మన సంఘపు యువకులలో కంప్యూటరు చదివి బెంగుళూరులో ఉద్యోగములు చేయువారున్నారు. నా మనస్సులో ఒక ఆట మెదలుచున్నది. హోసూరులో ఒక కిరాణా అంగడి, గల్లాపెట్టెవద్ద ఒక చిన్నపిల్ల. వచ్చు బేరము ఒకటి తెలుగున, ఒకటి తమిళమున, ఒకటి కన్నడమున. ప్రాత పద్దుపుస్తకము చదివిననే ఎవరి బాకీ ఎంతయో తెలియును. దీనికి ధనమెంత కావలెనో లెక్క వేయుటకు మన యువకులు ఇద్దరు పూనుకొనిరి. ఆ లెక్క వచ్చినపుడు కార్యవర్గము ముందు పెట్టుదును. చందా అడుగుటకు ఇది సమయము కాదు గనుక ఎవరును లేచిపోనక్కరలేదు.

వచ్చు ఆదివారము సాయంకాలము 5 గంటలకు ఇదే భవనమున వెణ్బా ఆటను పెద్ద తెరపై ఆడింపజేయుదుము. మీటలు పిల్లల చేతిలోనుండును. ఏది ముందు వేయవలెనో, ఏది పిదప వేయవలెనో చెప్పు పని అమ్మమ్మలది, నాయనమ్మలది. తమ యిండ్లలో తెలుగున వ్రాసిన పాత వంటల చీటీలు, జాబులు, పద్దుపుస్తకములు ఏవైన ఉన్నయెడల తీసికొనిరండు. అక్షరములు చెరిగినను, నూనె మరకలున్నను సరే.