తొందర పెడితే ఆగండి

 

మనం చదువు నేర్చుకున్నాం. సంఘం పైసలు బ్యాంకులో పొదుపు చేస్తున్నాం. ఆ పైసల మీద దొంగల కన్ను పడింది. ఈ దొంగ ఇంటికి రాడు. సెల్ ఫోనులోకి వస్తాడు.

2025 జనవరి 1న మన సిద్దిపేట జిల్లాలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇట్లా పేరు మారితే దొంగకు మంచి అదను. "మీ ఖాతా ఆగిపోతుంది. ఇవాళే ఈ లింకు నొక్కండి" అని బ్యాంకు పేరుతో మెసేజి పంపుతాడు. ఈమెయిలు పంపుతాడు. నొక్కితే అచ్చం బ్యాంకు లాంటి పేజీ వస్తుంది. అందులో మనం కొట్టే నంబర్లన్నీ దొంగకే చేరతాయి.

దొంగ మెసేజిని ఎట్లా గుర్తు పట్టాలి? అది తొందర పెడుతుంది. భయపెడుతుంది. రహస్యం అడుగుతుంది. పిన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు మన పెట్టె తాళంచెవులు. ఏ బ్యాంకూ వాటిని ఫోను చేసి గానీ, మెసేజి పెట్టి గానీ అడగదు.

మెసేజిని కూడబలుక్కుని మెల్లగా చదవండి. మెల్లగా చదివితే సిగ్గేం లేదు. లింకు నొక్కవద్దు. పాస్ బుక్కు పట్టుకుని బ్యాంకుకే పోయి అడగండి.

ఒకవేళ పైసలు పోతే? ఏడుస్తూ కూసోవద్దు. ఇంట్లో తిడతారని దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. బ్యాంకుకూ చెప్పండి. జల్ది చెప్తే ఆ పైసలు దొంగ చేతికి పోకుండా ఆపే వీలుంటుంది.

తప్పు దొంగది. మనది కాదు. ఈ మాట మీ సంఘంలో అందరికీ చదివి వినిపించండి.