‘నిద్ర పడుతోందా?’ అని అడిగేది ఎవరు?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మగవాళ్లు బాధ చెప్పుకోరు, సాయం అడగరు అని ఉదయం నుంచి చాలామంది అన్నారు. లెక్కలూ అదే చెబుతున్నాయి. ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకుంటే వారిలో 1,18,979 మంది పురుషులు. ఏడ్చే మగాడిని నమ్మొద్దని సామెత చెప్పి పెంచే సమాజం మనది. ఎవరైనా దిగులుగా కనిపిస్తే ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అని హాస్టల్లో మనమే నవ్వుతాం. ఇదంతా నిజమే. కానీ ఈ వివరణ కిష్టారం దాకా చేరదు.

కిష్టారం ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో ఉంది. సరిహద్దుకు ఇటువైపు మన చర్ల, భద్రాచలం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ జిల్లా ఊళ్ల నుంచి వేలమంది ఆదివాసులు ఇటు పారిపోయి వచ్చారు. వాళ్లను మనం గుత్తికోయలు అంటున్నాం. ఇప్పటికీ మిరప కోతలకు ఆ వైపు నుంచి మనుషులు వస్తారు.

అలాంటి ఒక మిరప కల్లంలో, నా పరిశోధన తొలి రోజుల్లో, నలభై ఏళ్ల మనిషిని అడిగాను: “అన్నా, రాత్రి నిద్ర పడుతోందా?” ఆయన నా ముఖం చూడలేదు, చేతిలో నోట్‌బుక్ చూశాడు. “ఎందుకు అడుగుతున్నవు? రాసుకుంటవా?” అన్నాడు. ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు.

నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. రాత్రి ఎక్కడున్నావు, ఎవరు వచ్చారు, ఎందుకు మేలుకున్నావు అని ఆయన్ని అంతకుముందు అడిగినవాళ్లు డాక్టర్లు కారు. ఆయన మౌనం మగతనపు బింకం కాదు. అది ప్రాణాలు కాపాడుకునే నేర్పు.

2017 ఏప్రిల్‌లో ఇదే జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులను 2022 జూలైలో ఎన్‌ఐఏ కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది. దాదాపు అందరూ మగవాళ్లే. ఐదేళ్లు జైల్లో గడిచాయి. తీర్పు వారిని ఇంటికి పంపింది. ఆ ఐదేళ్లు మనసు మీద వేసిన బరువును దించడం ఎవరి బాధ్యతో మాత్రం చెప్పలేదు.

తుపాకీ పట్టిన మగవాళ్ల సంగతీ దాటవేయలేం. 2018 మార్చి 13న కిష్టారం దగ్గరే మందుపాతరకు 9 మంది జవాన్లు బలయ్యారు. 2021 నవంబరులో సుక్మా జిల్లా లింగంపల్లి క్యాంపులో ఒక జవాను తన సహచరులు నలుగురిని కాల్చి చంపాడు. ఇద్దరి బాధా ఒకటే అని నేననను. ఒకరి వెనుక రాజ్యం ఉంది, మరొకరి మీద రాజ్యం ఉంది. కానీ భయంగా ఉందని పైకి చెప్పే వీలు ఇద్దరికీ లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రతి మనిషికీ వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఏ భాషలో పొందాలి? గోండీకి, కోయకు ఎనిమిదో షెడ్యూలులో చోటే లేదు. దుఃఖాన్ని హిందీలోకో తెలుగులోకో మార్చి చెప్పాలంటే దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఎవరి మనిషో అన్న అనుమానం మళ్లీ మొదలు.

కాబట్టి ‘సాయం అడగండి’ అని అక్కడి మగవాళ్లకు చెప్పే ముందు, సాయానికీ విచారణకూ తేడా కనిపించేలా చేయాలి. ఆరోగ్య కార్యకర్త ఆ ఊరి భాష మాట్లాడాలి. వైద్యం పోలీసు క్యాంపు నీడలో ఉండకూడదు. చెప్పిన మాట ఏ ఫైలుకూ చేరకూడదు. జైలు నుంచి విడుదలైన వారికి న్యాయ సహాయంతో పాటు మానసిక వైద్యమూ అందాలి. మన పరిశోధకులకూ ఇదే నియమం. నేను ఆ తర్వాత కల్లానికి నోట్‌బుక్ తీసుకెళ్లలేదు.

చివరగా ఒక్క మాట. బరోడాలో పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టినప్పుడు తాను వెక్కివెక్కి ఏడ్చానని బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్నారు. విదేశాల్లో చదివి వచ్చిన మనిషి, తలదాచుకునే చోటు పోయిందని ఏడ్చారు, దాన్ని దాచుకోలేదు. ఏడ్చే మగాడిని నమ్మొద్దనే సామెతకు మన జవాబు అదే. కిష్టారం మనిషి ఏడవడానికి ముందుగా ఒక సురక్షితమైన చోటు కావాలి. ఆ చోటు కోసం మాట్లాడటం మన పని.

జై భీమ్.